పైథాన్ ప్రామాణిక లైబ్రరీ: మాడ్యూళ్ల పేర్లు, అమరిక

ప్రామాణిక లైబ్రరీ అంటే పైథాన్ భాషతో పాటే అందే మాడ్యూళ్ల సముదాయం. పేరు చూడగానే మాడ్యూల్ చేసే పని తెలియాలి. పైథాన్ 2లో అది తరచూ కుదిరేది కాదు. వెబ్ చిరునామాల వ్యవహారం యూఆర్‌ఎల్‌లిబ్, యూఆర్‌ఎల్‌లిబ్2, యూఆర్‌ఎల్‌పార్స్ అంటూ మూడు చోట్ల చెదిరి ఉండేది. ఆ '2' చరిత్రను చెబుతుందే తప్ప ప్రయోజనాన్ని చెప్పదు. 2008లో వచ్చిన పైథాన్ 3 వీటిని యూఆర్‌ఎల్‌లిబ్ అనే ఒకే ప్యాకేజీలో రిక్వెస్ట్, పార్స్, ఎర్రర్ వంటి ఉపమాడ్యూళ్లుగా సర్దింది. పేర్లు మారిస్తే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఇలాంటి మార్పులను చాలావరకు 2టు3 అనే పనిముట్టే చేసిపెట్టేది. గజిబిజి పేర్ల భారమైతే కొత్తగా నేర్చుకునే ప్రతి ఒక్కరి మీదా పడుతూనే ఉంటుంది. సంస్కరణ సంపూర్ణం కాలేదు: యూనిట్‌టెస్ట్, లాగింగ్ మాడ్యూళ్లలో చాలా ఫంక్షన్ల పేర్ల నడుమ, పైథాన్ ఆనవాయితీకి భిన్నంగా, పెద్ద అక్షరాలు నేటికీ ఉన్నాయి.