ఆలస్యంగా మొదలైన చదువు: స్వామి జ్ఞానానంద, కేంద్రక భౌతిక శాస్త్రం

తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఉద్యోగమో వ్యవసాయమో చూసుకుంటూ ఈ పాఠం చదువుతున్న మీకు ఒక ప్రశ్న. 1950లలో మీ ఊరి కుర్రవాడికి పరమాణు కేంద్రకం గురించి పై చదువు చదవాలనిపిస్తే ఎక్కడికి వెళ్లాలి? రేపల్లె వాడైతే బ్రాంచి లైను బండెక్కి తెనాలిలో దిగాలి, అక్కడ మారి బెజవాడ మీదుగా వాల్తేరు చేరాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాఖను నిలబెట్టిన ఆచార్యుడు కాషాయం కట్టిన సన్యాసి. భౌతిక శాస్త్రం మొదలుపెట్టేనాటికి ఆయనకు ముప్పై దాటాయి.

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టారు. నరసాపురం టేలర్ హైస్కూల్లో చదివారు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్లి ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. అప్పటికి ఆయన దగ్గర విశ్వవిద్యాలయ పట్టా లేదు.

1920ల చివర ఆధ్యాత్మిక ఉపన్యాసాల కోసం జర్మనీ వెళ్లారు. డ్రెస్డెన్‌లో సాపేక్షతా సిద్ధాంతంపై ఉపన్యాసాలు విన్నాక గణితం, భౌతిక శాస్త్రం మొదటినుంచి చదవడానికి కూర్చున్నారు. ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్-కిరణాల వర్ణపటంపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ఆపైన ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ ప్రయోగశాలలో చేరారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. చాడ్విక్ అనగానే మీకు 1932 నాటి న్యూట్రాన్ గుర్తుకొస్తుంది. కానీ 1914లోనే ఆయన మరో చిక్కును బయటపెట్టాడు. కేంద్రకం నుంచి వచ్చే బీటా కణాలన్నిటికీ ఒకే శక్తి ఉండాలని అనుకునేవారు. తీరా కొలిస్తే సున్నా దగ్గర నుంచి ఒక గరిష్ఠ విలువ దాకా అన్ని శక్తులూ కనిపించాయి. మిగతా శక్తి ఏమైనట్టు? కంటికి కనిపించని మరో కణం దాన్ని తీసుకుపోతోందని 1930లో పౌలి ఊహించాడు. 1934లో ఫెర్మి ఆ ఊహ మీద బీటా విఘటన సిద్ధాంతాన్ని కట్టాడు. ఏ శక్తితో ఎన్ని కణాలు వస్తాయో ఆ సిద్ధాంతం ముందుగానే చెబుతుంది. అది నిజమో కాదో తేల్చాలంటే సూక్ష్మంగా కొలిచే పరికరం కావాలి. జ్ఞానానంద పనిచేసింది అలాంటి బీటా వర్ణపటమాపకం మీదే. అయస్కాంత క్షేత్రంలో బీటా కణం వంపు తిరుగుతుంది. వేగం ఎక్కువైన కొద్దీ వంపు తగ్గుతుంది. ఆ వంపును బట్టి శక్తిని లెక్కగట్టవచ్చు. అయితే దారిలో గాలి ఉంటే కణాలు దాన్ని ఢీకొని శక్తి పోగొట్టుకుంటాయి, కొలత తప్పుతుంది. కాబట్టి పరికరంలోంచి గాలి తోడేయడమే సగం పని. యుద్ధకాలంలో ఆయన అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. 1947లో న్యూయార్క్ నుంచి వెలువడిన ఆయన గ్రంథం పేరు ‘హై వాక్యూవా’. అధిక శూన్యాన్ని ఎలా సాధించాలి, ఎలా కొలవాలి అన్నదే అందులోని విషయం.

చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. స్వామి యోగదృష్టితోనే అణువును దర్శించారని చెప్పుకోవడం మనవాళ్లకు ఇష్టం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ యోగం ఆయనకు ఓపికను ఇచ్చి ఉండవచ్చు గాని, పంపు బిగించి గాలి తోడే పనిని తగ్గించలేదు. ఆయన వదిలి వెళ్లిన శాస్త్ర రచనల్లో మనకు దొరికేవి కొలతలు, పరికరాలు.

స్వాతంత్ర్యం వచ్చాక స్వదేశం వచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1954లో వాల్తేరు చేరారు. 1956లో కేంద్రక భౌతిక శాస్త్ర శాఖ ఏర్పడింది. నా దృష్టిలో ఆయన జీవితంలో అతి ముఖ్యమైన తేదీ ఇదే. అరవయ్యో ఏట, తన పరిశోధన పక్కనబెట్టి, తీర ప్రాంతపు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు పరికరం కట్టడం, కొలవడం నేర్పే పనికి పూనుకున్నారు. ఏ రైతుబిడ్డ అయినా ప్రేగ్, లివర్‌పూల్ వెళ్లకుండానే కేంద్రకం నుంచి వచ్చే కిరణాలను స్వయంగా కొలవగలిగే చోటు ఒకటి మన ప్రాంతంలో ఏర్పడింది.

1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో స్నాతకోత్తర కేంద్రం తెరిచింది. అదే తర్వాత నాగార్జున విశ్వవిద్యాలయమైంది. దానితో తెనాలి, బాపట్ల, రేపల్లె విద్యార్థులకు ఎమ్మెస్సీ చదువు పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే దూరానికి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1969 సెప్టెంబరు 21న, జ్ఞానానంద కన్నుమూశారు. వాల్తేరులో ఆయన మొదలుపెట్టిన ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.