గాలికి లైసెన్స్ ఎందుకు అక్కర్లేదు? కర్నూలు కోట నుంచి పిసిపి రైఫిల్ దాకా

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఆళ్లగడ్డ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నా దగ్గర స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది. దాని బదులు పిసిపి తీసుకోవాలనుకుంటున్నా. ఎట్లాంటిది కొనమంటావు?" ఒక మోడల్ పేరు చెప్పేసి రెండు నిమిషాల్లో ముగించొచ్చు. కానీ ఈ ప్రశ్న వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది. అందులో చాలా భాగం మన నంద్యాల చుట్టుపక్కలే జరిగింది. ఆ కథ తెలిస్తే ఏది కొనాలో, కొన్నాక ఏది చెయ్యకూడదో రెండూ తెలుస్తాయి.

ముందు తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మహానంది శివరాత్రికో, అహోబిలం తిరునాళ్లకో పోయినప్పుడు బెలూన్లు కొట్టే తుపాకీ పట్టుకుని ఉంటారు కదా? గొట్టాన్ని కిందికి విరిచి, పెల్లెట్ పెట్టి, మళ్లీ మూసి కాలుస్తాం. అది స్ప్రింగ్ గన్. విరిచినప్పుడు లోపల స్ప్రింగ్ బిగుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ పిస్టన్‌ని ముందుకు తోస్తుంది, పిస్టన్ గాలిని నలిపి పెల్లెట్‌ని నెడుతుంది. పిసిపి అంటే ప్రీ-ఛార్జ్డ్ న్యూమాటిక్. ఇందులో గాలిని ముందే ఒక సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడికి నింపి పెట్టుకుంటాం. ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్ రెప్పపాటు తెరుచుకుని కొంచెం గాలి వదులుతుంది, అంతే.

పిసిపి కొత్త టెక్నాలజీ అనుకుంటారు చాలామంది. నిజానికి స్ప్రింగ్ గన్ కంటే అదే పాతది. 1780 ప్రాంతంలో, అంటే ఇక్కడ హైదర్ అలీ పొల్లిలూరు దగ్గర కంపెనీ సైన్యాన్ని ఓడించిన రోజుల్లో, ఆస్ట్రియా సైన్యం గిరార్డోని అనే ఆయన తయారుచేసిన గాలి రైఫిల్‌ని వాడకంలోకి తెచ్చింది. దాని బట్ భాగమే ఇనుప గాలితిత్తి. ఇరవై గుండ్ల దాకా వరసగా కాల్చొచ్చు. పొగ లేదు, వానకి తడిసే మందుగుండు లేదు. మిగతా సైనికులు ఒక్కో గుండు దట్టించుకుంటున్న కాలంలో ఇది అద్భుతం. మరి ఎందుకు నిలవలేదు? ఆ తిత్తి నిండాలంటే చేతి పంపుతో దాదాపు 1500 సార్లు కొట్టాలి. తోలు వాషర్లు ఎండిపోయి గాలి కారేది. బాగుచేసే పనివాళ్లు అన్నిచోట్లా దొరికేవాళ్లు కాదు. 1815 నాటికి సైన్యం దాన్ని పక్కన పెట్టేసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి: తుపాకీలో లోపం లేదు, గాలి నింపే ఏర్పాటు దగ్గర ఓడిపోయింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1800లో నిజాం సీమ జిల్లాలని కంపెనీకి ఇచ్చేశాడు. కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లలో పాళెగాళ్ల సైన్యాలని రద్దు చేయించాడు, కోటలని పనికిరాకుండా చేశాడు. కానీ నంద్యాల వైపు అప్పటికి కంపెనీ నేరుగా రాలేదు. ఇది కర్నూలు నవాబు కింద ఉండేది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని కంపెనీకి అనుమానం వచ్చింది. సైన్యం కర్నూలు కోటలో వెతికితే జనానాలో, తోటల్లో దాచిన ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి, ఫిరంగులు పోతపోసే కొలుములతో సహా. అక్టోబర్‌లో జొహరాపురం దగ్గర చిన్న యుద్ధం జరిగింది. నవాబుని పట్టుకుని తిరుచిరాపల్లికి పంపారు, మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. రాజ్యం పోవడానికి చూపించిన కారణం ఏంటి? ఆయుధాలు పెట్టుకోవడం.

ఏడేళ్లు తిరక్కుండానే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, నల్లమల కొండలు, ఇదంతా ఆయన తిరిగిన నేలే. కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేశాడు. చివరికి పట్టుబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కాడు. జనం చూడాలని ఆయన తలని కోట బురుజుకి వేలాడదీసి, 1877 దాకా అట్లాగే ఉంచారని చెబుతారు. సినిమా చూసినవాళ్లకి ఈ కథ తెలుసు. సినిమాలో లేనిది ఆ తర్వాత సంగతి.

1878లో లిట్టన్ కాలంలో ఆర్మ్స్ యాక్ట్ వచ్చింది. భారతీయుడు లైసెన్స్ లేకుండా తుపాకీ పెట్టుకోకూడదు, యూరోపియన్లకి మాత్రం మినహాయింపు. దీన్ని నరసింహారెడ్డి ఒక్కడి కోసమే తెచ్చారని నేను అనను. ఇది దేశమంతటికీ, ముఖ్యంగా 1857 తర్వాతి భయంతో వచ్చిన చట్టం. కానీ మన్రో మన సీమలో చేసిన పనినే దేశం మొత్తానికీ చట్టంగా రాశారు అనొచ్చు. 1887లో మద్రాసు కాంగ్రెస్ మహాసభ ఈ చట్టాన్ని సడలించమని అడిగింది. 1931 కరాచీ తీర్మానంలోని ప్రాథమిక హక్కుల్లో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా ఉంది. రాజ్యాంగంలోకి మాత్రం అది రాలేదు. 1959లో మన పార్లమెంటు కొత్త ఆయుధాల చట్టం చేసింది. జాతి తేడా పోయింది, లైసెన్స్ మిగిలింది.

ఈ మొత్తం కథలో మామూలు మనిషికి మిగిలిన సందు ఒక్కటే: గాలి. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో డయానా, 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో బిఎస్ఏ లాంటి కంపెనీలు చవకగా, గట్టిగా స్ప్రింగ్ గన్లు చేశాయి. పంపు అక్కర్లేదు, తిత్తి అక్కర్లేదు, గొట్టం విరిస్తే చాలు. అందుకే తిరునాళ్ల దాకా వచ్చింది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోర్ 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, పెల్లెట్ శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే ఆ ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. రెండిట్లో ఏది దాటినా కావాలి. 0.22 బోర్ అంటే లైసెన్స్ కావాల్సిందే.

ఇక తమ్ముడి ప్రశ్న. స్ప్రింగ్ గన్‌తో ఇబ్బంది ఏంటి? పిస్టన్ కదలగానే తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగగానే ముందుకి ఊగుతుంది. ఇదంతా పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే జరుగుతుంది. అందుకే గట్టిగా పట్టుకుంటే ఒక చోట, వదులుగా పట్టుకుంటే ఇంకో చోట తగులుతుంది. పిసిపిలో ఆ కుదుపు దాదాపు ఉండదు. 1980ల్లో ఇంగ్లండ్‌లో డేస్టేట్ లాంటి కంపెనీలు పిసిపిని మళ్లీ మార్కెట్‌లోకి తెచ్చాయి. ఈ రోజు ఒలింపిక్స్ 10 మీటర్ల రైఫిళ్లన్నీ ఈ పద్ధతివే. 10 పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటర్. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు, రెండూ ఈ ఈవెంట్‌లోనే.

అయితే గిరార్డోని దగ్గర చూసింది గుర్తుందా? తుపాకీ కంటే ముందు గాలి సంగతి చూడండి. నంద్యాల పంక్చర్ షాపు కంప్రెసర్ పది బార్ల దగ్గర ఆగిపోతుంది. మనకి కావాల్సింది 200. సముద్రం పక్క ఊళ్లలో డైవింగ్ సిలిండర్లు నింపేవాళ్లు దొరకొచ్చు, మనకి ఆ సౌకర్యం లేదు. కాబట్టి మూడు దశల హై ప్రెషర్ చేతి పంపు లేదా చిన్న హై ప్రెషర్ కంప్రెసర్ ఖర్చు కూడా బడ్జెట్‌లో కలపండి. తేమ తీసే ఫిల్టర్ ఉండాలి, లేకపోతే సిలిండర్ లోపల తుప్పు పడుతుంది. ఇంకొకటి గట్టిగా చెబుతున్నా: వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది కదా అని దాంతో నింపొద్దు. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్‌కి నూనె, గ్రీజు తగిలితే పేలుతుంది. ప్రాణం పోతుంది.

మన ఎండ సంగతి కూడా లెక్కెయ్యాలి. 25 డిగ్రీల్లో 200 బార్లు నింపి, మే నెలలో కారులో వదిలేశారనుకోండి. లోపల 60 డిగ్రీలైతే ఒత్తిడి దాదాపు 223 బార్లకి చేరుతుంది. బీటెక్‌లో చదివిన గ్యాస్ సూత్రం ఇదిగో ఇక్కడ పనికొచ్చింది. సిలిండర్ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి, తయారైన తేదీ చూడకుండా సెకండ్ హ్యాండ్ అస్సలు కొనొద్దు.

రెగ్యులేటర్ ఉన్నది తీసుకోండి. సిలిండర్‌లో గాలి తగ్గుతున్నా, ప్రతి షాట్‌కి ఒకే ఒత్తిడి అందేలా అది చూస్తుంది. లేకపోతే మొదటి షాట్‌కీ ముప్పయ్యో షాట్‌కీ వేగం మారిపోతుంది. మహారాష్ట్రలోని ప్రెసిహోల్ లాంటి మన దేశపు కంపెనీలు పిసిపిలు చేస్తున్నాయి, కాబట్టి సీళ్లు, విడిభాగాలు ఇక్కడే దొరికేవాటిని ముందు చూడండి. పంపుకి డబ్బు లేకపోతే ఇంకో ఏడాది స్ప్రింగ్ గన్‌తోనే ప్రాక్టీస్ చెయ్. దాంతో కుదురుగా కొట్టడం వచ్చినవాడికి పిసిపి చాలా సులువు.

ఇక అసలు విషయం. స్ప్రింగ్ గన్ శక్తి చాలావరకు దాని స్ప్రింగ్‌తోనే ఖరారైపోతుంది. పిసిపి అట్లా కాదు. రెగ్యులేటర్‌నో, హ్యామర్ స్ప్రింగ్‌నో కొంచెం తిప్పితే శక్తి పెరుగుతుంది. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 275 మీటర్ల వేగం అందుకుంటే 20 జౌల్స్ అయిపోయింది. ఒక్క స్క్రూ తిప్పడంతో ఆట వస్తువు లైసెన్స్ లేని ఆయుధం అవుతుంది. అప్పుడు అది స్పోర్ట్స్ కాదు, ఆర్మ్స్ యాక్ట్ కేసు. యూట్యూబ్‌లో "పవర్ పెంచుకోండి" అనే వీడియోలు చేసేవాళ్లు ఆ కేసుకి రారు. కొన్నాక క్రోనోగ్రాఫ్ మీద వేగం కొలిపించి రాసిపెట్టుకోండి.

పిట్టల మీదికి గురిపెట్టడం కూడా అంతే. 1972 వన్యప్రాణి చట్టం కింద నెమలి, చిలక, కౌజు పిట్ట, ఏది కొట్టినా నేరమే. మనకి ఒక పక్క నల్లమల టైగర్ రిజర్వ్, ఇంకో పక్క బట్టమేక పక్షి కోసం పెట్టిన రోళ్లపాడు అభయారణ్యం. అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టడమే నేరం.

హైదరాబాద్‌లో పిల్లోడు రైఫిల్ బ్యాగ్ తగిలించుకుంటే షూటర్ అంటారు. ఆళ్లగడ్డలో తగిలించుకుంటే ఫ్యాక్షన్ అంటారు. ఆ పేరు మనం పుట్టకముందే మన ఊళ్లకి అంటుకుంది. దాన్ని వాదించి పోగొట్టలేం. 10 మీటర్లు అంటే 33 అడుగులు. గట్టి గోడ, పెల్లెట్లు ఆపే ట్రాప్ ఉన్న మూసిన హాలు చాలు. అక్కడ కూర్చి, నిలబడి, అర మిల్లీమీటర్ చుక్కని రోజూ కాగితం మీద కొడుతూ స్కోర్లు రాసుకునే పిల్లలు నలుగురు తయారైతే, అది దానంతటదే మారుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.