గుగ్గులు: మేదోరోగం నుంచి కొలెస్ట్రాల్ మాత్ర దాకా

రాజస్థాన్, గుజరాత్‌ల మెట్ట నేలల్లోనూ సింధ్ ప్రాంతంలోనూ పెరిగే ఒక ముళ్లపొద కాండానికి గాటు పెట్టినప్పుడు కారి గడ్డకట్టే జిగురే గుగ్గులు. తెలుగునాట ఇది మైసాక్షి అన్న పేరుతో ధూపద్రవ్యంగా పరిచితం. ఒంట్లో కొవ్వు మితిమీరి పేరుకునే మేదోరోగానికి దీనిని ఔషధంగా చెప్పిన ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత, పెరిగిన మేదస్సు స్రోతస్సులను, అనగా శరీరంలో ధాతువులు ప్రవహించే మార్గాలను, అడ్డగించి ఇతర వ్యాధులకు దారితీస్తుందని కూడా వర్ణించింది.

ఈ వర్ణనకూ, ధమనుల గోడల్లో కొవ్వు పేరుకుని అవి ఇరుకయ్యే ఆధునిక వ్యాధికీ పోలిక గమనించిన జి.వి. సత్యవతి, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కుందేళ్లకు కొలెస్ట్రాల్ మేపి, గుగ్గులు ప్రభావాన్ని పరీక్షించి, 1966లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ప్రాచీన వాక్యాన్ని పూజించి ఊరుకోకుండా, కొట్టిపారేయకుండా, ప్రయోగానికి నిలబెట్టిన ఈ పద్ధతి భారతీయ వైద్య పరిశోధనలో గర్వించదగిన ఘట్టం. ఆమె తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు.

లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ఈ జిగురు నుంచి, గుగ్గుల్‌స్టెరోన్లు అనే క్రియాశీల పదార్థాలుండే సారాన్ని వేరుచేసి గుగ్గులిపిడ్ రూపొందించగా, 1980ల చివరికి అది దేశంలో మందుగా అమ్మకానికి వచ్చింది. 1989లో ప్రచురితమైన అధ్యయనంలో 205 మంది రోగులు పన్నెండు వారాలు దీనిని వాడగా, వారిలో 70 నుంచి 80 శాతం మందికి కొలెస్ట్రాల్ సగటున 23.6 శాతం, ట్రైగ్లిసరైడ్లనే మరో రకం రక్తకొవ్వు 22.6 శాతం తగ్గాయని తేలింది. అయితే వారితో పోల్చడానికి, అదే కాలంలో మందులేని ఉత్తి మాత్ర తీసుకున్న వర్గం లేకపోవడం ఆ ఫలితానికి పెద్ద లోటు.

అమ్మకానికి ముందే గుణం నిరూపించాలన్న నిర్బంధం ఆహార పూరకాలకు లేకుండా అమెరికా 1994లో చట్టం చేయడంతో, గుగ్గులు అక్కడి దుకాణాల్లో సులువుగా చోటు సంపాదించింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 103 మందిపై ఎనిమిది వారాలు జరిపి 2003లో ప్రకటించిన పరీక్షలో, ఉత్తి మాత్ర మింగినవారికి చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ 5 శాతం తగ్గగా, గుగ్గులిపిడ్ వాడినవారికి 4 నుంచి 5 శాతం దాకా పెరిగింది. కొందరికి చర్మంపై దద్దుర్లు లేచాయి. రెండు దేశాలవారి ఆహారం, శరీరతత్త్వం వేరు కావడమే ఈ రెండు అధ్యయనాల ఫలితాల తేడాకు కారణమన్న వాదన ఉన్నా, వైద్యుడు రాసిన మందు మాని గుగ్గులు మాత్రను నమ్ముకోవడానికి ఈ ఆధారాలు చాలవు.

ఈ వాదవివాదాల నడుమ నష్టపోయినది మొక్క. జిగురు ఎక్కువగా రావాలని లోతుగా గాట్లు పెట్టి, వాటికి ఘాటైన లేపనాలు పూయడం వల్ల పొదలు ఎండిపోయాయి. నెమ్మదిగా ఎదిగే ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న వర్గంలో చేర్చింది.