మడమ వదిలి, మునివేళ్లు పట్టి

ఓస్లోలో మా పేట బడివాళ్లు ఏటా రెండుసార్లు పాత సామాన్ల సంత పెడతారు, పిల్లల బ్యాండు మేళం ఖర్చుల కోసం. మొన్న వసంతంలో అక్కడ ఒక జత తోలు స్కీ బూట్లు కొన్నాను. అవి నా కాలికి పట్టవు, అయినా వదిలి రాబుద్ధి కాలేదు. ముదురు గోధుమరంగు తోలు, చీలమండ దాటి రెండు వేళ్ల ఎత్తు. ముందు మాత్రం అట్ట బాతు ముక్కులా బయటికి పొడుచుకొచ్చింది. తిప్పి చూస్తే ఆ ముక్కు అడుగున మూడు గుంటలు. వాటి అంచులు అరిగి నున్నబడ్డాయి. అంటే ఎవరో ఈ బూట్లతో చాలా మంచు నడిచారు.

ఆ రాత్రే జనగామ దగ్గర మా ఊళ్లో ఉన్న నాయినకు వీడియో కాల్‌లో చూపించాను. నలభై ఏళ్లు చెప్పులు కుట్టిన మనిషి. రంగూ ఆకారమూ చూడలేదు. "కుట్టు చూపియ్ బిడ్డా," అన్నాడు. ఫోను దగ్గరగా పెట్టాను. కాసేపు చూసి, "దారానికి మైనం మంచిగ పట్టిచ్చిండు. నీళ్లు దిగయ్," అన్నాడు. ఆ తర్వాత అడిగాడు: "మరి ముక్కెందుకు గంత బయటికి పెట్టిండు? మడమకు పట్టు లేదేంది?"

స్కీ బూటు చరిత్రంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

మనవాళ్లు సినిమాల్లో చూసే స్కీయింగ్ కొండ మీంచి కిందికి దూకేది. అందులో మడమను స్కీకి బిగించేస్తారు. నార్వే పల్లెవాళ్లు వేల ఏళ్లుగా చేస్తున్నది మంచు మీద నడక. ఎక్కాలి, దిగాలి, అడవి దాటాలి, పక్క ఊరికి పోవాలి. నడవాలంటే మడమ లేవాలి, స్కీ మాత్రం కాలిని వదలకూడదు. పాదాన్ని ముందు పట్టుకుని వెనక వదిలేయడమే ఈ బూటు కుట్టేవాడికి మొదటినుంచీ ఉన్న చిక్కు.

ఉత్తర స్వీడన్‌లో కాల్వ్‌ట్రెస్క్ దగ్గర బురదనేలలో దొరికిన స్కీకి 5,000 ఏళ్లు దాటాయి. కర్ర నిలిచింది గానీ దాని మీద నిలబడ్డవాళ్ల చెప్పులు నిలవలేదు. అక్కడి సామీ జాతివాళ్లు కుట్టుకునే బూటును చూస్తే వాటిని కొంత ఊహించుకోవచ్చు. రెయిన్‌డీర్ తోలు, మెత్తని అడుగు, పైకి వంపు తిరిగిన ముక్కు. స్కీకి ఉండేది ఒకే తోలు పట్టీ. పాదం అందులో దూర్చితే ఆ వంపు కొక్కెంలా తగులుకుంటుంది, కాలు వెనక్కి జారదు. మన చెప్పుకు ఉంగటం చేసే పనే ఇక్కడ ముక్కు చేస్తుంది. మేజోళ్లకు బదులు ఎండబెట్టి మెత్తగా నలగ్గొట్టిన గడ్డి కూరుతారు. తడిసిన గడ్డిని రాత్రి ఆరబెట్టుకుంటే పొద్దుటికి మళ్లీ పనికొస్తుంది. 1888లో గ్రీన్‌లాండ్‌ను అడ్డంగా దాటిన నాన్సెన్ బృందంలో ఆరుగురిలో ఇద్దరు సామీలు, సామ్యుయెల్ బాల్టో, ఓలె నీల్సెన్ రావ్నా. ఆ గడ్డి కూరిన తోలు బూట్లు కూడా వాళ్ల సామానులో ఉన్నాయి. గొప్ప యాత్రల పుస్తకాల్లో నాయకుడి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. బూటు కుట్టినవాళ్ల పేర్లు నాకు ఒక్కదాంట్లోనూ దొరకలేదు. నాయిన కొడుకుని కదా, నేను వెతికేది ఆ పేర్లే.

ఒట్టి పట్టీతో నేల చదునుగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. దూకితే, మలుపు తిరిగితే కాలు ఊడొస్తుంది. టెలిమార్క్ జిల్లా మోర్గెదాల్‌కు చెందిన సోన్‌డ్రె నూర్‌హైమ్ పచ్చి కొమ్మలను మెలిపెట్టి మడమ చుట్టూ తిప్పి ముందు పట్టీకి కట్టాడు. మడమ లేస్తుంది, పాదం మాత్రం పక్కలకు జారదు. 1868లో నలభై దాటిన వయసులో అతను ఇప్పటి ఓస్లోలో పోటీకొచ్చి జనాన్ని నివ్వెరపరిచాడు. తర్వాత 1894 ప్రాంతంలో ఫ్రిట్స్ హ్యూట్‌ఫెల్ట్ కొమ్మల బదులు, అట్టకు రెండు పక్కలా నిలబడే ఇనుప చెవులు పెట్టాడు. ఇనుము నొక్కితే మెత్తని తోలు నలిగిపోతుంది. దాంతో బూటు అట్ట గట్టిపడాల్సి వచ్చింది. గట్టి అట్టలో వేళ్లు కదలవు, కదలని వేళ్లకు చలి త్వరగా పడుతుంది.

ఆ ముడి ఎంత ప్రమాదమో అముండ్సెన్ మనుషులు అనుభవించారు. దక్షిణ ధ్రువానికి బయల్దేరేముందు అంటార్కిటికా చలికాలమంతా వాళ్లు తమ స్కీ బూట్లను విప్పి, పెద్దవి చేసి, మళ్లీ కుట్టుకుంటూ కూర్చున్నారు. బిగింపుకు సరిపడేంత గట్టిగా ఉండాలి, లోపల మేజోళ్ల పొరలు పట్టేంత వదులుగానూ ఉండాలి. అయినా 1911 సెప్టెంబరు 8న తొందరపడి బయల్దేరితే చలి మైనస్ 50 డిగ్రీలు దాటింది. కొందరి మడమలు గడ్డకట్టి వెనక్కి తిరగాల్సి వచ్చింది. బూట్లు మళ్లీ సవరించుకుని అక్టోబరులో కదిలి, డిసెంబరు 14న ధ్రువం చేరారు. కుక్కలూ, తిండి లెక్కలూ అందరూ చెబుతారు. నేనైతే ఆ చలికాలపు కుట్టుపనికి పెద్దపీట వేస్తాను.

నా సంతబూటు ముక్కు సంగతి 1927 నాటిది. బ్రూర్ విత్ అనే నార్వేవాడు మడమ పట్టీలన్నీ తీసి పారేశాడు. స్కీ మీద మూడు మేకులు నిలబెట్టి, బూటు ముక్కు అడుగున మూడు రంధ్రాలు పెట్టి, పైనుంచి ఒక తీగ కమ్మీతో అదిమి బిగించాడు. అంతే, మడమకు పూర్తి స్వేచ్ఛ. యువరాజు ఓలాఫ్ అదేమిటని అడిగితే, ఎలుకల బోన్లని చెప్పాడని కథ. దాని పేరు రొట్టెఫెల్లా, అంటే ఎలుకల బోనే. ఇప్పటికీ ఆ పేరుతోనే కంపెనీ నడుస్తోంది. 1928లో సెంట్ మోరిట్స్ ఒలింపిక్స్‌లో యోహాన్ గ్రొట్టుమ్స్‌బ్రాటెన్ దీనితోనే రెండు స్వర్ణాలు గెలిచాక వేరే బిగింపులను అడిగేవాళ్లు తగ్గారు. ముక్కు వెడల్పు 75 మిల్లీమీటర్లని కొలత స్థిరపడింది. తాతల బూట్లూ మనవల స్కీలూ కలిసిపోయేవి. నాకు ఆ రోజులంటే చాలా ఇష్టం. ఊళ్లో చెప్పులు కుట్టేవాడు అట్ట మార్చి మళ్లీ మూడు రంధ్రాలు పెట్టివ్వగలిగేవాడు.

ఆ కాలాన్ని ముగించింది దారి. 1974లో ఫాలున్ ప్రపంచ పోటీల్లో స్వీడన్‌వాడు థోమస్ మాగ్నూసన్ ప్లాస్టిక్ స్కీల మీద 30 కిలోమీటర్ల పరుగు గెలిచాడు, కర్ర స్కీల పని అయిపోయింది. అప్పటికే యంత్రాలు మంచులో లోతైన జంట గాళ్లు వేస్తున్నాయి. సన్నటి గాడిలో వెడల్పు ముక్కు ఒరుసుకుంటుంది. ముక్కు సన్నబడింది, తోలు పోయింది, బూటు పరుగుబూటంత తేలికైంది. 1980ల్లో ముక్కు పూర్తిగా మాయమై, అట్ట కొసన అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ మిగిలింది. ఇప్పటి బూట్లన్నిటికీ దాదాపు అదే.

అప్పుడే ఇంకో గొడవ వచ్చింది. ఫిన్లాండ్‌కు చెందిన పౌలి సీటోనెన్ ఒక కాలు గాడిలో ఉంచి, రెండోదాన్ని పక్కకు తన్నుతూ పోయేవాడు. 1982లో అమెరికావాడు బిల్ కోక్ ఆ పద్ధతితో ప్రపంచ కప్పు ఎత్తుకుపోయాడు. 1985లో జేఫెల్డ్ ప్రపంచ పోటీల్లో దాదాపు అందరూ గాళ్లు వదిలేసి పక్కలకు తన్నుతున్నారు. పాత నడకే చచ్చిపోతుందని నార్వేలో పెద్దవాళ్లు కలతపడ్డారు. చివరికి పోటీలను రెండుగా చీల్చారు, గాడిలో నడిచేది క్లాసిక్, పక్కకు తన్నేది స్కేటింగ్. 1988 కాల్గరీ ఒలింపిక్స్ నాటికి రెండూ వేరు వేరు పందాలు. బూటు కూడా చీలింది. క్లాసిక్ బూటు చీలమండ దగ్గర ఆగి, మునివేళ్ల మొదట మెత్తగా వంగుతుంది. స్కేటింగ్ బూటు అడుగు వంగదు. స్కీ అంచు మీద నిలబడి పక్కకు నెట్టాలి కాబట్టి చీలమండకు ప్లాస్టిక్ కట్టు ఉంటుంది.

ఇదంతా నేను తెలుసుకుంది నొప్పితో. పద్నాలుగేళ్ల కిందట నా మొదటి చలికాలంలో అద్దె దుకాణంలో కుర్రవాడు నా పాదం కొలత చూసి ఒక జత ఇచ్చాడు, ఏ దారిన పోతావని అడగలేదు. అవి స్కేటింగ్ బూట్లు, నేను పోయింది నూర్‌మార్కా అడవి గాళ్లలోకి. మడమ లేపబోతే అట్ట వంగదు, కట్టు ముంగాలికి కోసుకుంటుంది. నాలుగు కిలోమీటర్లు పోయి స్కీలు భుజాన వేసుకుని మెట్రో దాకా నడిచాను. రాత్రి నాయినకు చెబితే, "తొవ్వ అడగకుంట చెప్పు కుట్టొద్దు బిడ్డా. పొలంల నడిచెటోనికి ఒకటి, బండెంబడి నడిచెటోనికి ఒకటి," అన్నాడు.

ఇప్పుడు ప్రతి డిసెంబరులో కొత్తగా వచ్చిన మనవాళ్లకు బూట్లు కొనడానికి తోడుపోతాను. బూటును రెండు చేతులతో పట్టుకుని వంచి చూపిస్తాను. క్లాసిక్‌ది వంగే మడత, వాళ్ల వేళ్లు వంగే చోటికే రావాలి. ఒక ఉన్ని మేజోడుతో తొడిగి, మడమ లోపల లేవకుండా, వేళ్లు ముందుకు తగలకుండా చూస్తాను. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూటే వెళ్దామంటాను. గాళ్లు లేని కొండకు, హార్డాంగర్ పీఠభూమిలో మంచులో గుచ్చిన కొమ్మల గుర్తులు పట్టుకుని గుడిసె నుంచి గుడిసెకు పోయే ఈస్టరు యాత్రకు ఈ తేలిక బూట్లు పనికిరావు. అక్కడికి ఎత్తైన, వెచ్చటి, లావు కడ్డీ ఉన్నవి కావాలి. ఆ అరలో ఇప్పటికీ మూడు రంధ్రాల బాతుముక్కు బూట్లు కనిపిస్తాయి, వందేళ్ల నాటి మేకుల కొలతే. చలిలో చేతి తొడుగులు తీయకుండా బిగించుకోవచ్చు. విరిగేదీ తక్కువే.

నా సంతబూట్లలో ఎడమదానికి మడమ దగ్గర కుట్టు నాలుగు అంగుళాల మేర ఊడింది. సంక్రాంతికి ఊరికి తీసుకుపోతున్నాను. నాయిన ఆరె పదును పెట్టించి ఉంచాడట. చూపు సరిగ్గా ఆనడం లేదు, దారం నువ్వే ఎక్కించాలె అన్నాడు.