గూడ్సు బండి దాటేదాకా మూకీయే

కాజీపేట రైల్వే కాలనీలో పెరిగినవాళ్లం సగం సినిమాలు మాటల్లేకుండానే చూశాం. డెబ్బయ్యో దశకంలో ఇన్‌స్టిట్యూట్ మైదానంలో రెండు గుంజలు పాతి తెర కట్టి, 16 ఎం.ఎం. ప్రొజెక్టరుతో బొమ్మ వేసేవారు. చాపలు, దుప్పట్లు, పల్లీల పొట్లాలు ఇంటి నుంచే తెచ్చుకునేవాళ్లం. ముందు చోటు దొరకని పిల్లలం తెర వెనక్కి వెళ్లి కూర్చుంటే పేర్లన్నీ తిరగేసి కనబడేవి, ఎన్టీఆర్ ఎడమ చేత్తో కత్తి దూసేవాడు. సరిగ్గా అసలు మాట వచ్చే వేళకే బల్లార్షా వైపు నుంచి బొగ్గు గూడ్సు వచ్చేది. అది వెళ్లేదాకా సావిత్రి పెదవులు కదలడమే కనబడేది, మాట వినబడేది కాదు. ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు, ఆమె కళ్లను బట్టి కథ అందుకునేవాళ్లం. గార్డు పెట్టె వెనక ఎర్రదీపం దాటాక మళ్లీ మాటలు మొదలయ్యేవి.

ఈ జ్ఞాపకాన్ని తట్టి లేపింది ఒక ఫ్రెంచి సినిమా. మిషెల్ హజనవీసియస్ 2011లో తీసిన ‘ది ఆర్టిస్ట్’. మూకీల చరిత్రకు నమస్కారంగా, మూకీగానే, నలుపు తెలుపుల్లో తీసిన చిత్రం. మొన్న దసరా సెలవుల్లో ఫాతిమానగర్‌లో ఒక మిత్రుడింట గోడమీద వేసుకుని ఎనిమిది మందిమి చూశాం. గార్డుగా రిటైరైన పెద్దాయన, ముప్పై ఏళ్లు థియేటర్లో ప్రొజెక్టరు నడిపిన ఆపరేటరన్న, ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు, ఆ ఇంటి పెద్దమ్మ, మరికొందరు. బొమ్మ అయ్యాక రాత్రి పదకొండింటి దాకా మాట్లాడుకున్నాం. ఆ మాటలు విన్నాక సినిమా చరిత్రను ఒకసారి వెనక్కి తిరిగి చూడాలనిపించింది.

మొదలుపెట్టాల్సింది రైలుతోనే. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కెఫేలో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి బొమ్మలు చూపించారు. ఆ మరుసటి నెలలో చూపించిన చిన్న చిత్రంలో లా సియోటా స్టేషన్‌లోకి రైలు వస్తుంది, జనం ఎక్కుతారు, దిగుతారు, అంతే. నిడివి యాభై సెకన్లు. రైలు మీదికొస్తోందని జనం పరుగెత్తారని చెప్పుకుంటారుగాని, చరిత్రకారులు దాన్ని నమ్మడం లేదు. నాకూ నమ్మబుద్ధి కాదు. రోజూ రైళ్లు చూసే పారిస్ జనం అంత బెదిరి ఉండరు. 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో చూపించిన బొమ్మల్లోనూ రైలు రాక ఉంది. అప్పటికి నిజాం రైలు కాజీపేట మీదుగా బెజవాడ దాకా వెళ్తూనే ఉంది. 1889లోనే ఆ దారి పూర్తయింది. అంటే బొమ్మ రైలు కంటే ముందే నిజం రైలు మా ఊరొచ్చింది.

సినిమాకు మాయ నేర్పిన జార్జి మెలియెస్ కథ కూడా స్టేషన్‌కే చేరుతుంది. అయిదు వందలకు పైగా చిత్రాలు తీసినవాడు అప్పులపాలై, 1923లో తన నెగటివులను తానే తగలబెట్టుకున్నాడు. ఆ తర్వాత పారిస్ మోఁపర్నాస్ స్టేషన్‌లో బొమ్మలు, మిఠాయిలు అమ్ముకున్నాడు. స్కోర్సేసీ ‘హ్యూగో’ ఆ కథే. 2012 ఫిబ్రవరి 26 రాత్రి ఆస్కార్ వేదిక మీద ‘హ్యూగో’కు అయిదు, ‘ది ఆర్టిస్ట్’కు అయిదు బహుమతులొచ్చాయి. అమెరికావాడు ఫ్రెంచి సినిమాకు దండం పెడితే, ఫ్రెంచివాడు హాలీవుడ్‌కు పెట్టాడు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు బహుమతులు ‘ది ఆర్టిస్ట్’వే. ఫ్రెంచి నిర్మాణానికి ఉత్తమ చిత్రం గౌరవం దక్కడం అదే మొదటిసారి.

మన మూకీల సంగతికొస్తే గుండె బరువెక్కుతుంది. మద్రాసులో ఫొటోగ్రాఫర్‌గా బతికిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, డేరాలు వేసుకుంటూ బర్మా, సింహళం దాకా తిరిగి బొమ్మలు చూపించాడు. మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించాడు. కొడుకు ప్రకాశ్‌ను ఈ విద్య నేర్చుకొమ్మని విదేశాలకు పంపాడు. 1921లో వాళ్లు తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ తెలుగువాడి మొదటి మూకీ. ఆ రోజుల్లోనే మా నిజాం రాజ్యంలో, హైదరాబాదులో, బెంగాలీ ధీరేంద్రనాథ్ గంగూలీ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. 1924లో తన థియేటర్లో ‘రజియా బేగం’ వేశాడు. అది పాలకుడికి నచ్చలేదు, గంగూలీ రాష్ట్రం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఒక ప్రేక్షకుడి అభిప్రాయానికి ఒక కంపెనీయే మూతపడిన చోటు ఇది.

ఆ మూకీలు వేసేటప్పుడు తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు. మధ్యలో వచ్చే అక్షరాలు చదవలేని వాళ్లకు అతనే దిక్కు. దసరా నాటి రాత్రి మా మధ్య అదే జరిగింది. ఇంగ్లీషు అక్షరాలు పడ్డప్పుడల్లా కుర్రాడు పెద్దమ్మకు తెలుగులో చెబుతూ వచ్చాడు. అరగంట గడిచాక ఆమె, “నువ్వు చెప్పకు బిడ్డా, నాకు సమజైతున్నది” అంది. అప్పుడు తెర మీద కథానాయిక పెపీ మిల్లర్ హీరో గదిలో ఒంటరిగా ఉంది. కొక్కేనికి వేలాడుతున్న అతని కోటు చేతిలోకి తన చెయ్యి దూర్చి, అతనే నడుం చుట్టూ చెయ్యి వేసినట్టు ఊహించుకుంటోంది. దానికి ఏ భాష కావాలి?

కథ మీకు తెలిసే ఉంటుంది. 1927లో జార్జి వాలెంటిన్ మూకీల మహారాజు. టాకీ వస్తుంది, అతను నవ్వి ఊరుకుంటాడు. ఊరుపేరు లేని పెపీ మాటల సినిమాలతో తారవుతుంది. సొంత డబ్బుతో అతను తీసిన మూకీ 1929లో షేర్ మార్కెట్ కూలిన రోజుల్లోనే విడుదలై దెబ్బతింటుంది. అదే ఏడు కాజీపేట, బల్లార్షాల మధ్య దారి పూర్తయి, ఢిల్లీ, మద్రాసు కలిసి మా ఊరు పెద్ద జంక్షనైంది. అతని కల ఒకటి ఉంది. గ్లాసు బల్లమీద పెడితే చప్పుడవుతుంది, కుక్క మొరుగుతుంది, ఈక నేల మీద పడితే పిడుగు పడ్డట్టు మోగుతుంది, అతని గొంతు మాత్రం పెగలదు. కాలం మారుతున్నప్పుడు మనిషికి పట్టే భయాన్ని ఇంత తక్కువలో చూపించిన సన్నివేశం నేను మరొకటి చూడలేదు.

మన దగ్గర ఆ మార్పు మరోలా జరిగింది. 1931 మార్చి 14న ‘ఆలం ఆరా’ మాట్లాడింది. హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ను బొంబాయిలో తీశారు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం రాసుకుంటూ వచ్చాం. పాత పత్రికలు, సెన్సారు వివరాలు తిరగేసిన రెంటాల జయదేవ పరిశోధనతో 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. టాకీకి కావాల్సింది గొంతు కాబట్టి సురభి నాటకాలవాళ్లను తెచ్చుకున్నారు. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య. పద్యం పాడగల గొంతు ఉన్నవాడిదే రాజ్యమైంది.

వాలెంటిన్ తన రీళ్లన్నీ నేల మీద పోసి అగ్గిపుల్ల గీసే చోటు వచ్చేసరికి ఆపరేటరన్న కుర్చీలోంచి లేచాడు. “అయ్యో, అది నైట్రేట్ రా, ఆరదది” అన్నాడు, తెర మీది మనిషిని ఆపుతున్నట్టే. కూర్చున్నాక కూడా వేళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. తెగిన రీలు అంచు గీకి, సిమెంటు రాసి, చిటికెలో అతికించిన వేళ్లవి. బొగ్గు కడ్డీలు అరిగిపోతుంటే ఒక చేత్తో సర్దుతూ, రెండో మెషీను మీద తర్వాతి రీలు ఎక్కించి, మూల మీద చుక్క కనబడగానే మార్చేవాడట. ఒక్కసారి కూడా తెర తెల్లగా మిగల్లేదని గర్వంగా చెప్పాడు. మంటల్లో వాలెంటిన్ గుండెకు హత్తుకున్న ఒకే ఒక్క డబ్బాలో పెపీతో అతను నాట్యం చేసిన రీలుందని తెలిశాక, ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

నైట్రేట్ ఫిల్మ్‌ను నీళ్లు కూడా ఆర్పలేవు, నిలవ ఉంటే దానికదే పాడవుతుంది. పైగా అందులో వెండి ఉంటుంది. ఆ వెండి కోసం కరిగించిన రీళ్లకు లెక్కలేదు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు, గంగూలీ హైదరాబాదులో తీసినవి లేవు, ‘ఆలం ఆరా’ కూడా లేదు. ఫ్రాన్సులో ఆన్రీ లాంగ్లువా మిత్రులతో కలిసి 1936లో సినిమాతెక్ పెట్టాడు. మనకు పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో వచ్చింది, దాన్ని పి.కె. నాయర్ ప్రాణంలా పెంచారు. కాని తెలుగు మూకీల విషయంలో అప్పటికే ఆలస్యమైపోయింది. పాత సినిమాను చూసినవాడే పాత సినిమాకు నివాళి తీయగలడు. హజనవీసియస్‌కు చూడటానికి సినిమాలు మిగిలాయి.

ఇక చివరి మాట. సినిమా అంతా మూగగా ఉన్న వాలెంటిన్ ఆఖర్న ఒక్క ముక్క మాట్లాడతాడు, అందులో ఫ్రెంచి యాస! అతను టాకీల్లో ఎందుకు నోరు విప్పలేదో అప్పుడు తడుతుంది. గార్డు పెద్దాయన వెంటనే అన్నాడు: “ఆయన మాట వాళ్లకు ఎక్కదని భయపడ్డడు. మన మాట ఇన్నేండ్లు సినిమాల ఎక్కడుండె? రౌడీగాని నోట్ల, నవ్వులాటగాని నోట్ల.” ఆ మాటకు గదిలో ఎవరూ బదులు పలకలేదు. నేను చదివిన ఏ సమీక్షలోనూ ఈ సంగతి కనబడలేదు. ‘మా భూమి’ 1979లో, బి. నర్సింగరావు ‘దాసి’ 1988లో వచ్చినా, పెద్ద తెర మీద తెలంగాణ మాట గౌరవంగా వినబడటానికి ‘ఫిదా’, ‘మల్లేశం’, ‘బలగం’ దాకా ఆగాల్సి వచ్చింది. టాకీ వచ్చాక ఎనభై ఏళ్లకు పైగా మా యాస ఒక రకంగా మూకీలోనే ఉండిపోయింది.

అందరూ మెచ్చుకోలేదు. కుర్రాడికి సినిమా అనుకరణ అనిపించింది. నిజం మూకీ కావాలంటే చాప్లిన్ ‘సిటీ లైట్స్’ చూడాలన్నాడు. టాకీలు ఊరేగుతున్న 1931లో మాట లేకుండా తీసిన ధైర్యం దానిదని అతని వాదన. ఒప్పుకుంటాను, ‘ది ఆర్టిస్ట్’ కథ పలచనే. లివర్‌పూల్‌లో కొందరు ప్రేక్షకులు మాటలు లేవని టికెట్టు డబ్బులు వెనక్కి అడిగారని 2012లో వార్తలొచ్చాయి. హిచ్‌కాక్ ‘వర్టిగో’ సంగీతాన్ని వాడుకున్నారని ఆ చిత్రం కథానాయిక కిమ్ నొవాక్ మండిపడింది. ఆమె బాధ నాకు అర్థమవుతుంది. అయినా రంగుల ఫిల్మ్ మీద తీసి, నలుపు తెలుపులకు మార్చి, పాతకాలపు చదరపు తెరకు కట్టుబడిన ఆ శ్రద్ధ ముందు నా అభ్యంతరాలు నిలవలేదు. మనం దీనికి ఎదురుగా నడిచాం. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులు వేశాం. ఆపరేటరన్నకు ఆ రంగులు నచ్చాయి. నాకైతే మార్కస్ బార్‌ట్లీ వెన్నెల తెల్లగా ఉంటేనే వెన్నెల.

మాటల్లేని సినిమా అనగానే మనవాళ్లకు ‘పుష్పక విమానం’ గుర్తొస్తుంది. 1987లో సింగీతం శ్రీనివాసరావు చేసింది నివాళి కాదు, ఒక పరీక్ష: చప్పుళ్లన్నీ ఉంచి మాట తీసేస్తే కథ నిలబడుతుందా అని. నిలబడింది. తెలుగు సినిమా తన గతానికి నిజంగా నివాళి పట్టింది మాత్రం 2018లో నాగ్ అశ్విన్ ‘మహానటి’లోనే. అందులో ‘మాయాబజార్’ సెట్టు మళ్లీ లేచినప్పుడు మా పెద్దమ్మ హాల్లో చప్పట్లు కొట్టిందట.

2021 నాటి గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ మా ఊరివాళ్లు తప్పకుండా చూడాల్సింది. స్టేషన్‌లో చాయ్ అమ్మేవాడి కొడుకు ప్రొజెక్టరు గదిలో సినిమాతో ప్రేమలో పడతాడు. ఆఖర్న ఆ మెషీన్లు చెంచాలుగా, రీళ్లు గాజులుగా మారతాయి. మా దగ్గరా అంతే జరిగింది. 2010 తర్వాత మూడు నాలుగేళ్లలో థియేటర్లన్నీ డిజిటలయ్యాయి, మెషీన్లు పాత ఇనుము కింద పోయాయి. ఆపరేటరన్న దగ్గర మిగిలింది కళ్లద్దాల డబ్బాలో దాచుకున్న జానెడు ఫిల్మ్ ముక్క. దాన్ని దీపానికి అడ్డంపెట్టి చూపించాడు. వరుసగా ఏడు ఫ్రేముల్లో ఒక అమ్మాయి తల తిప్పుతోంది. ఏ సినిమానో ఆయనకూ గుర్తులేదు.

కాజీపేటలో, హనుమకొండలో, వరంగల్లులో ఇట్లాంటివాళ్లు ఇంకా కొందరున్నారు. ఆపరేటర్లు, గేటు దగ్గర టికెట్లు చింపినవాళ్లు, జట్కా మీద మైకు పట్టుకుని కొత్త బొమ్మ చాటినవాళ్లు, మైదానంలో తెర వెనక కూర్చుని చూసిన మావంటివాళ్లు. మీ ఇంట్లోనో వాడలోనో ఒకరుంటే ఈ ఆదివారం పోయి కూర్చోండి. ఫోన్లో వాళ్ల గొంతు రికార్డు చేయండి, పాత టికెట్టో కరపత్రమో ఉంటే పారేయకుండా ఫొటో తీసి పెట్టండి. వాళ్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్లు.