కాకి పిల్ల – గేటు కాపలా

పందెంలో గెలిచినవాళ్ల పేర్లు చరిత్ర రాసిపెడుతుంది. ఓడినవాళ్ల పేర్లు వాళ్ల అమ్మలు గుర్తుపెట్టుకుంటారు. గీత దగ్గర నిలబడి "వీడు ముందు, వాడు వెనక" అని చెప్పినవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ పట్టవు. నిజానికి వాళ్లు లేకపోతే అది పందెమే కాదు, పిల్లలు ఊరికే పరుగెత్తడం!

మరి, ఆ గీత దగ్గర నిలబడ్డది పరుగెత్తేవాడి కన్నతల్లో, కన్నతండ్రో అయితే? కాకి పిల్ల కాకికి ముద్దు అన్నారు పెద్దలు. ఆ కాకినే తీసుకొచ్చి న్యాయం చెప్పమంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే నాకు మంచుకొండల మీద ఆడే ఒక ఆట చరిత్ర ఎదురైంది.

"పినపాకకీ మంచుకొండలకీ ఏమిటమ్మా సంబంధం?" అని మీరు నవ్వుతారని తెలుసు. మా వైపు మంచు అంటే ధనుర్మాసంలో అడవి మీద దిగే పొగమంచు. గడ్డకట్టిన మంచు కావాలంటే గోనెపట్టాలో చుట్టి తెచ్చిన ఐసుగడ్డే గతి. కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచువాలు మీద జర్రున జారే ఆటను స్కీయింగ్ అంటారు. ఆ ఆటలో పందేలకు ఇప్పుడున్న రూపం ఇచ్చినాయన ఎక్కడ పుట్టాడనుకున్నారు? మన మద్రాసులో!

ఆయన పేరు ఆర్నాల్డ్ లన్. పుట్టింది 1888లో. అప్పటికి మా పినపాక నిజాం రాజ్యంలో ఉంది. గోదావరి దాటితే అవతలి ఒడ్డున భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. అంటే రాముడుగారూ, ఈ లన్‌గారూ ఒకే ప్రెసిడెన్సీవాళ్లన్నమాట! తండ్రి హెన్రీ లన్ మెథడిస్టు మిషనరీగా 1887లో మన దేశం వచ్చాడు. ఆరోగ్యం పాడై ఏడాదిలోనే పసివాడితో సహా ఇంగ్లండు వెళ్లిపోయాడు. తరవాత మతప్రచారం మాని యాత్రల వ్యాపారం పెట్టి, ఇంగ్లీషు కుటుంబాలను చలికాలంలో స్విట్జర్లండు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడే కుర్రవాడికి మంచు పిచ్చి పట్టుకుంది.

ఆ పిచ్చి ఎటువంటిదో చూడండి. 1909లో కొండ ఎక్కుతూ పడిపోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతికిన కాలు రెండోదానికంటే పొట్టిదైపోయింది. మనమైతే ఇక ఆటల మాట ఎత్తనిస్తామా? ఆయన ఆ కాలితోనే మళ్లీ మంచు మీదికి వెళ్లాడు. 1911లో మోంటానా అనే చోట, కొండమీంచి కిందికి ఎవరు ముందు దిగితే వారిదే గెలుపు అనే పందెం పెట్టించాడు. దాని కప్పుకు లార్డ్ రాబర్ట్స్ పేరు. ఆ రాబర్ట్స్ దొర కూడా ఒకప్పుడు మద్రాసు సైన్యానికి అధిపతిగా చేసినవాడే.

అసలు మలుపు 1922లో వచ్చింది. స్లాలమ్ అనే మాట నార్వే వాళ్లది. వాలు మీద జాడ అని అర్థం. వంకరటింకరగా మలుపులు తిరుగుతూ జారడం ఆ పందెం. అంతవరకూ దాంట్లో ఎవరు ఎంత అందంగా మలుపు తిరిగారో చూసి పెద్దమనుషులు మార్కులు వేసేవాళ్లు. అందానికి మార్కులంటే తెలిసిందేగా. పెళ్లిచూపుల్లో అత్తగారు వేసే మార్కుల్లాంటివే! లన్ ఆ పద్ధతి తీసేశాడు. మ్యూరెన్ అనే ఊళ్లో వాలు మీద కర్రలు జంటలు జంటలుగా పాతించాడు. ఒక్కో జంట ఒక్కో గేటు. గేట్లన్నిటి మధ్యనుంచీ దూరి ఎవరు తక్కువ వ్యవధిలో కిందికి చేరితే వాళ్లే విజేత. కులం, హోదా, చూడ్డానికి సొగసు – ఇవేవీ గడియారానికి తెలియవు.

ఆడవాళ్లకీ ఇందులో మొదటినుంచే చోటు దొరికింది. 1923లో వాళ్లకంటూ లేడీస్ స్కీ క్లబ్బు ఏర్పడింది. 1931లో అదే మ్యూరెన్‌లో మొట్టమొదటి ప్రపంచ పోటీలు జరిగితే, మగవాళ్లతో పాటు ఆడవాళ్లకూ పందేలు పెట్టారు. పదిహేడేళ్ల ఎస్మే మెకినన్ తిన్నగా దిగే పందెమూ, గేట్ల పందెమూ రెండూ గెలిచేసింది.

బాగానే ఉంది. కానీ గడియారం వ్యవధి చెబుతుందిగానీ, పిల్లవాడు గేటు తప్పించుకుపోయాడా లేదా అన్నది చెప్పదు కదా? అందుకు మనిషి కావాలి. ఒక్కరు చాలరు, వాలు పొడుగునా కావాలి. మంచులో గంటలతరబడి కదలకుండా నిలబడే అంతమందిని జీతాలిచ్చి ఎక్కణ్ణుంచి తేవడం? పిల్లల పోటీలకు దొరికినవాళ్లు తల్లిదండ్రులే. ఇప్పటికీ అమెరికాలోనూ, యూరపులోనూ పిల్లల స్కీ పందేలు చాలావరకు వీళ్ల చేతులమీదే నడుస్తున్నాయి. తెల్లవారుజామునే వెళ్లి కర్రలు పాతేది వాళ్లే. చెదిరిన మంచును స్కీలతో చదును చేసేది వాళ్లే. నంబరు చొక్కాలు పంచేదీ, గడియారం పట్టేదీ, వేడివేడి సూపు పోసేదీ వాళ్లే. అన్నిటికంటే కష్టమైన కొలువు గేటు కాపలా.

మా పిన్ని కూతురు డెన్వర్ దగ్గర ఉంటుంది. దాని కొడుకు ఈ పందేల్లో దిగుతాడు. మన గోదావరి జిల్లా పిల్ల, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని గేటు కాపలా కాస్తుందంటే నాకు మొదట నమ్మకం కలగలేదు. చేతిలో చీటీ, పెన్సిలూ ఇస్తారట. తనకు అప్పగించిన నాలుగైదు గేట్లలో ఎవరు తప్పితే వాళ్ల నంబరు రాసి, ఎలా తప్పారో బొమ్మ గీయాలి. దారి తప్పిన పిల్లవాడు ఏం చేయాలని అడిగితే "వెళ్లు" అనో, "వెనక్కి" అనో చెప్పాలి. అంతకుమించి మాట్లాడకూడదు. శభాష్ అని చప్పట్లు కొట్టడానిక్కూడా లేదు.

ఒకసారి ఏమైందంటే, దాని కొడుకే దాని గేటుకు వచ్చాడు. కళ్లు మూసి తెరిచేలోపల కర్ర వాడి రెండు కాళ్ల మధ్యనుంచి పోయింది. అంటే ఒక కాలు గేటు బయటినుంచి వెళ్లినట్టు లెక్క. ఇది తప్ప మరెవరూ చూడలేదు. వాడు కిందికి మంచి వ్యవధిలోనే చేరాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఇది చీటీ మీద కొడుకు నంబరు రాసి, బొమ్మ గీసి ఇచ్చేసింది. వాడి పేరు ఫలితాల్లోంచి పోయింది. ఇంటికి వచ్చేదాకా కారులో తల్లీ కొడుకూ మాట్లాడుకుంటే ఒట్టు.

"ఎలా రాయబుద్ధేసిందే నీకు?" అని ఫోనులో గట్టిగానే అడిగాను.

"వాడి వెనకాల ఇంకో అరవైమంది వచ్చారక్కా. వాళ్లందరికీ అమ్మలున్నారుగా" అంది.

అంతే. ఆ రెండు మాటల ముందు నేను చదివిన చరిత్రంతా చిన్నబోయింది.

అయితే ఆ చరిత్రలోనూ ఇలాంటి ఘట్టం ఒకటుంది. 1936లో, హిట్లర్ ఏలుబడిలో, గార్మిష్‌లో శీతాకాల ఒలింపిక్సు జరిగాయి. ఆ ఏడే మొదటిసారిగా ఈ గేట్ల పందేన్ని ఒలింపిక్సులో చేర్చారు. దానికి రిఫరీ ఆర్నాల్డ్ లన్. బ్రిటిషు జట్టు నాయకుడు స్వయానా ఆయన కొడుకు పీటర్! తండ్రి కనిపెట్టిన ఆట, తండ్రే తీర్పరి, కొడుకు పోటీదారు. మన ఊళ్లో అయితే పందెం మొదలవకముందే పతకం ఎవరిదో చెప్పేసేవాళ్లు. కానీ పీటర్‌కు ఏ పతకమూ రాలేదు. జర్మనీ, ఫ్రాన్సు కుర్రాళ్లు పట్టుకుపోయారు. నాజీల ఆడంబరం నచ్చక ప్రారంభ ఊరేగింపులో మాత్రం తండ్రీ కొడుకులిద్దరూ నడవలేదు. నిలబడాల్సిన చోట నిలబడ్డారు, నడవకూడని చోట నడవలేదు.

మన తల్లిదండ్రులు పిల్లల ఆటలకోసం కష్టపడరని కాదు నేననేది. ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లున్నారు, ఉద్యోగాలు మానుకున్నవాళ్లున్నారు. కాకపోతే ఆ కష్టంలో ఎక్కువభాగం సొంతబిడ్డ కోసమే. ఊరి పిల్లలందరి కోసం నిలబడే తల్లి అరుదు. పుల్లెల గోపీచంద్ 2008లో హైదరాబాదులో బ్యాడ్మింటన్ అకాడమీ తెరిచాక, ఆయన తల్లి సుబ్బరావమ్మగారు దాని నిర్వహణ పనులు భుజాన వేసుకున్నారు. కొడుకు ఆడే రోజులు అయిపోయాక కూడా ఎవరెవరి పిల్లల కోసమో శ్రమపడ్డ తల్లి ఆవిడ. పతకాల జాబితాలో ఆవిడ పేరు కనపడదు. పతకాల వెనకాల మాత్రం ఉంటుంది.

ఇక మా అడవి అంచుకు వద్దాం. భద్రాచలం ఐటీడీఏ కింద ఆశ్రమ పాఠశాలల పిల్లలు కబడ్డీ, ఖోఖో, పరుగుపందేలు, విలువిద్య – అన్నీ ఆడతారు. కోయపిల్లల పరుగు చూడాలి మీరు, నేలకు కాలు ఆనుతుందా అనిపిస్తుంది. సున్నంతో గీతలు గీసేదీ, విజిల్ ఊదేదీ, వాచీ చూసేదీ పంతుళ్లూ, డ్రిల్లు మాస్టర్లే. గట్టుమీద తల్లులు కనపడరు. ప్రేమ లేకనా? ఊరు ఎక్కడో, హాస్టలు ఎక్కడో. పైగా చలికాలం పత్తి ఏరే రోజులు. అదయ్యేసరికి మిరప కోతలు. ఎండలు ముదిరితే తునికాకు. ఒక్కపూట బడికి రావాలంటే ఆ పూట కూలి పోతుంది. డెన్వర్ తల్లి శనివారం సెలవు పెట్టుకుని ఉచితంగా చేసే సేవకు, పినపాక తల్లి తన సంచిలోంచి తీసి ఇవ్వాల్సిన ధర ఉంది. స్వచ్ఛందం అనే మాట రెండుచోట్లా ఒకటే, బరువు ఒకటి కాదు.

అలాగని వాళ్లను గట్టుకు దూరంగానే ఉంచేద్దామా? 2010లో అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం, బడి కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది. సగంమంది ఆడవాళ్లు ఉండాలని కూడా అంది. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, బడి మరమ్మతులు మహిళా సంఘాలకు అప్పజెప్పారు. గోడకు సున్నం సరిగ్గా వేశారో లేదో చూడగల అమ్మ, నేలమీది సున్నపు గీత ఎవరు ముందు దాటారో చూడలేదా? ఆటలరోజున తల్లుల్ని ముగ్గుల పోటీకీ, కుర్చీలాటకీ పిలిచి ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టి పంపడం మానేసి, ఒక వాచీ, ఒక చీటీ ఇచ్చి చూడండి. ఆ పూట కూలి ఎంతో లెక్కగట్టి ఇవ్వండి, రానుపోను బస్సు ఛార్జీతో సహా. అది దానం కాదు, తీర్పరికి ఇవ్వాల్సిన మర్యాద.

అప్పుడు కాకి పిల్ల కాకికి ముద్దు కాకుండా పోతుందా? పోదు. పోనక్కర్లేదు కూడా. వాచీ పట్టుకున్న అమ్మ, ఆ పూటకు గీత దాటే ప్రతి పిల్లనీ చూస్తుంది. చూస్తూ చూస్తూ అరవైమంది పేర్లు నేర్చుకుంటుంది. మర్నాడు వాళ్లలో ఒకతె బడి మానేసిందని తెలిస్తే, "ఏమే, ఆ పొడుగుపిల్ల రాలేదేం?" అని అడిగే మనిషి ఊళ్లో ఒకరు ఎక్కువవుతారు.