నీళ్లలో దిగే గేటు

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. పొద్దున్నే ఎవరో ఫోన్ చేస్తే నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాలువ కింద మాకు మూడెకరాల వరి ఉంది. నాటు వేసి నెల కూడా కాలేదు. "డ్యాము ఖాళీ అయితే పైరు ఏం కావాల?" అని జేజి అడిగింది. అప్పటినుంచే నాకు ఈ డ్యాము చరిత్ర తెలుసుకోవాలని పట్టుదల వచ్చింది.

1945లో మద్రాసు ప్రభుత్వం, నిజాం ప్రభుత్వం కలిసి దీన్ని మొదలుపెట్టినాయి. ఒక గట్టున మన బళ్లారి జిల్లా, అవతల నిజాం వాళ్ల రాయచూరు జిల్లా. 1953లో కాలువలకు నీళ్లు వదిలినారు. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్లారి మైసూరులోకి వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి. పొలం గట్టు జానెడు జరగలేదు గానీ రాష్ట్రం సరిహద్దు జరిగిందని మా తాత అంటుండేవాడు.

డ్యాముకు 33 గేట్లు. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. ఒకటి పోయేసరికి ఆ దారినే సుమారు 35 వేల క్యూసెక్కులు పోయినాయి. భారం తగ్గాలని మిగతా గేట్లు కూడా ఎత్తినారు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో, నీళ్లు పారుతుండగానే, స్టాప్‌లాగ్ అనే అడ్డు పలకలను క్రేన్లతో దించినారు. ఐదు ముక్కలు. 16న మొదటిది కూర్చుంది, 17కు అన్నీ కూర్చున్నాయి. టీవీలో చూస్తుంటే మా ఇంట్లో ఎవరూ అన్నానికి లేవలేదు.

మా పెద్దనాయన కొడుకు మెకానికల్ చదువుతున్నాడు. పారే నీళ్లలో దిగే పలకను కంప్యూటర్‌లో ఎట్ల లెక్క కడతారో ఆయన చూపించినాడు. నీళ్లు ఉన్న జాగానంతా వలలాగ చిన్న చిన్న గళ్లుగా విడదీస్తారు. దాన్ని మెష్ అంటారు. ఒక్కో గడిలోకి ఎంత నీరు వచ్చింది, ఎంత పోయింది అని లెక్క. గోడ కదలకపోతే ఇది సులభమే. గేటు దిగితే దాని కింది గళ్లు నలిగిపోతాయి, పైవి సాగుతాయి. అందుకని వల కూడా గేటుతోపాటు కదలాల. మరీ నలిగిన వరుసను తీసేస్తారు, మరీ సాగినచోట కొత్త వరుస చేరుస్తారు. గడి తానే పెరిగిందనో తగ్గిందనో లెక్కలో రాయకపోతే లేని నీళ్లు పుట్టుకొస్తాయి, ఉన్నవి మాయమవుతాయి. మడి గట్టు జరిపి, పాత కొలతతోనే నీళ్లు లెక్కపెట్టినట్లు!

ఇట్లా కదిలే వలతో లెక్క కట్టే పద్ధతిని 1974లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో హర్ట్, ఆమ్స్‌డెన్, కుక్ అనేవాళ్లు రాసినారు. అంతకు రెండేళ్ల ముందే పెస్కిన్ అనే ఆయన వలను కదపకుండానే గుండె కవాటాల దగ్గర రక్తం ఎట్ల పారుతుందో లెక్క కట్టినాడు. కవాటం కూడా గేటే కదా.

గేటు పూర్తిగా నేలకు ఆనితే కింద ఒక్క గడి కూడా మిగలదు, లెక్క ఆగిపోతుంది. అందుకని సన్నటి సందు వదులుతారంట. నాకు నవ్వొచ్చింది. మా కాలువ షట్టరు కూడా ఎంత తిప్పినా అంతే.

ఆ ఏడు వానలు మళ్లీ బాగా పడి డ్యాము నిండింది, మా వరి చేతికొచ్చింది. లాప్‌టాప్‌లో గేటు దిగడం చూసి నాయన, "గొలుసు ఎప్పుడు తెగేదీ ఇందులో కనపడుతుందా?" అని అడిగినాడు.

"అది చెప్పదు చిన్నాయనా. నీళ్లు గేటును ఎంత బలంగా తోసేదీ చెప్తుంది. గొలుసును మాత్రం మనిషే పోయి చూడాల" అన్నాడు అన్న.

నాయన ఊ అని, పార తీసుకుని కాలువ కాడికి పోయినాడు.